సిగ్నల్ పోయిన రోజు కూలి ఎవరిస్తారు?

2022 జూలై 8, శుక్రవారం. తెల్లవారుజామున కెనడాలో రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్ కుప్పకూలింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు సెల్‌ఫోనూ ఇంటర్నెట్టూ రెండూ పోయాయి. దేశమంతటా ఇంటరాక్ డెబిట్ చెల్లింపులు ఆగిపోయాయి. అత్యవసర నంబరు 911కి కూడా ఎందరికో లైను కలవలేదు.

కంపెనీ క్షమాపణ చెప్పి, ఐదు రోజుల చార్జీని బిల్లులో తగ్గించింది. 2023 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఆప్టస్ నెట్‌వర్క్ పడిపోతే 200 జీబీ డేటా ఉచితమంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఏటీ అండ్ టీ ఐదు డాలర్లిచ్చింది. అన్నిచోట్లా కొలత ఒక్కటే: ఫోను అద్దె. ఫోను మోగితేనే పని దొరికే మనిషి కూలి ఈ కొలతలోకి రాదు. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు సేవచేసే ఆయా, ఇళ్ళు శుభ్రం చేసే మనిషి, కార్డు గీకితే తప్ప బేరం జరగని చిన్న కొట్టు నడుపుకునే ఆమె - వీళ్ళు పోగొట్టుకున్న రోజుకు ఐదు డాలర్లు ఏ మూలకి?

"యంత్రమన్నాక చెడిపోదా, ఎవర్నని ఏం లాభం?" అంటారు. కెనడా నియంత్రణ సంస్థ 2024లో వెల్లడించిన స్వతంత్ర నివేదిక సారాంశం చదివితే ఆ మాట నిలవదు. అది ఏడు దశల మార్పుల్లో ఆరో దశ. ముందు దశలు సాఫీగా జరిగాయి కాబట్టి ప్రమాదస్థాయిని 'తక్కువ'కు దించారు. దాంతో అదనపు పరీక్షలూ అనుమతులూ అవసరం లేకపోయాయి. ఒక ఫిల్టర్ తీసేయగానే రూటర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి. కంపెనీ ఉద్యోగుల ఫోన్లు కూడా ఆ నెట్‌వర్క్‌వే! ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని స్థితి. వేరే కంపెనీల సిమ్‌కార్డులు పంపించాల్సి వచ్చింది. అసలు కారణం తెలియడానికి 14 గంటలు పట్టింది. పైవాళ్ళు పొదుపుచేసిన జాగ్రత్తకు కిందివాళ్ళు చాకిరీతో మూల్యం చెల్లించారు.

ఇది మనకు దూరపు కథా? 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే. ఎండలో మట్టి తవ్వినామె కష్టానికి సాక్ష్యం ఆమె తవ్విన గుంత కాదు, టవర్ అందుకున్న ఫోటో! ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉపాధి కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్న కారణాల్లో ఇదొకటి. మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచరొకామె పిల్లలకు అన్నం పెట్టి, ఆ సంగతి ఫోన్లో నమోదు చేయడానికి సిగ్నల్ కోసం మిద్దె ఎక్కుతుంది. ఇంటికెళ్ళాక రాత్రి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ రాత్రి పనికి జీతమేది?

మన ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనలు ఒక జిల్లాలో 24 గంటలకు మించి సేవలు ఆగిపోతేనే పరిహారం అన్నాయి. అదీ అద్దెలో తగ్గింపో, గడువు పొడిగింపో. రోజుకూలికి 24 గంటలంటే ఒక రోజు పొయ్యి వెలగకపోవడం.

వ్యవస్థ విఫలమైన ప్రతిసారీ ఎవరో ఒకరు సర్దుకుపోవాలి. ఇంట్లో, ఆఫీసులో, పొలంలో ఆ ఎవరో ఒకరు ఆడదే అవుతోంది. కాల్‌సెంటర్లో తనది కాని తప్పుకు రోజంతా తిట్లు తిని "సారీ సర్" అనేదీ ఆమే. మన సహనాన్ని కంపెనీలూ ప్రభుత్వాలూ ఖర్చులేని బ్యాకప్‌గా వాడుకుంటున్నాయి.

మనం అడగాల్సింది ఉచిత డేటా కాదు. సిగ్నల్ పోయిన రోజు కూడా పనిదినమే. కాగితం మీద సంతకం హాజరుగా చెల్లాలి. యాప్ కోసం చేసిన అదనపు పనికి వేతనమివ్వాలి. పోయిన కూలిని, ఫోను చేతిలో ఉంటేనే పని అని నియమం పెట్టినవాళ్ళే చెల్లించాలి.