‘తెలియని నంబర్ ఎత్తకండి’ అనేది వే ఫార్వర్డ్ కాదు

ఈ వారం మన స్టడీ గ్రూపులో ప్రాక్టీసుకి ఇచ్చిన టాపిక్ స్పామ్ కాల్స్, ఫోన్ మోసాలు. మీరు రాసిన జవాబులన్నీ చదివాను. దాదాపు అన్నింటి చివరా ఒకటే మాట: ప్రజల్లో అవగాహన పెంచాలి, తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తకూడదు. దీనికి మార్కులు కూడా పడతాయేమో. కానీ ఇది తప్పు జవాబు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పోయిన ఏడాది వరకు నేనూ ఇదే రాసేదాన్ని. రాసి ఊరుకోలేదు, మా ఇంట్లో అమలు చేశాను కూడా.

మాది జంషెడ్‌పూర్. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి టాటా కంపెనీలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ ఊళ్లో తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ ఇదే. నాన్న కూడా ప్లాంటులోనే చేసి రిటైరయ్యారు. కంపెనీ ఊళ్లో రిటైరైన మనిషి అంటే బ్యాంకులో పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులున్న మనిషి. ఆ సంగతి మనకెంత తెలుసో ఫోన్ చేసేవాడికీ అంతే తెలుసు. పైగా జామ్‌తాడా మా రాష్ట్రంలోనే ఉంది. బిస్టుపూర్ రామమందిరం దగ్గర నాన్న ఈడు వాళ్లు నలుగురు కలిస్తే మోకాళ్ల నొప్పుల తర్వాత వచ్చే మాట, ఎవరికి ఎలాంటి ఫోన్ వచ్చిందన్నదే. అందుకని నాన్న ఫోన్‌లో నేనే ఒక సెట్టింగ్ పెట్టాను. సేవ్ చేయని నంబర్ నుంచి కాల్ వస్తే ఫోన్ మోగదు.

రెండు నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉంది. తర్వాత నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు, వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం బెడ్ ఖాళీ అయిందట. వార్డులో ఎవరో తమ సొంత మొబైల్ నుంచి నాలుగుసార్లు చేశారు. మోగలేదు. ఆ బెడ్ ఇంకొకరికి వెళ్లింది, మాకు మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఆ తేదీ రాకముందే ఒక రాత్రి నొప్పి భరించలేక నాన్న మెలికలు తిరిగిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. పేగు ఇరుక్కుపోయింది, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరు. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ నాలుగు మిస్డ్ కాల్స్ నేను ఇంతవరకూ డిలీట్ చేయలేదు.

ఆసుపత్రిని అందామా అంటే, వాళ్లు ఫోన్ చేశారు. నాన్నని అందామా అంటే, ఫోన్ మోగలేదు. తప్పంతా నాదేనని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

తెలియని నంబర్ ఎత్తకుండా ఎవరు బతకగలరో ఒకసారి ఆలోచించండి. ఆదిత్యపూర్ చిన్న ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద చేసేవాడికి రేపు షిఫ్టు ఉందో లేదో మున్షీ ఏ నంబర్ నుంచి చెప్తాడో తెలియదు. పార్సిల్ తెచ్చే కుర్రాడికి రోజంతా తెలియని నంబర్లే. ఊళ్లో అమ్మానాన్నల్ని ఒంటరిగా వదిలి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకున్న మీకు, రాత్రి పది గంటలకు పక్కింటివాళ్ల నంబర్ నుంచి ఫోన్ వస్తే? ఎత్తకుండా ఉండటం ఒక సౌకర్యం. అవసరమైనవాళ్లందరి నంబర్లూ ముందే సేవ్ అయి ఉన్నవాళ్లకు, ఒక కాల్ పోయినా ఏమీ పోనివాళ్లకు దొరికే సౌకర్యం. దాన్ని దేశమంతటికీ విధానంగా రాస్తున్నాం మనం.

ఇక రాజ్యం ఏం చేసిందో చూద్దాం, ఇది మీ నోట్స్‌లో ఉండాల్సిన భాగం. అవాంఛిత కాల్స్ మీద ట్రాయ్ 2007లోనే ‘డు నాట్ కాల్’ రిజిస్టర్ పెట్టింది. అది పనిచేయలేదని 2010లో కొత్త నిబంధనలు. అవీ చాలలేదని 2018లో ఇంకోసారి, ఈసారి బ్లాక్‌చెయిన్ తరహా రిజిస్ట్రేషన్‌తో. 2024 ఆగస్టులో, రిజిస్టర్ కాని టెలిమార్కెటర్ల లైన్లన్నీ కట్ చేసి రెండేళ్లు బ్లాక్‌లిస్టులో పెట్టమని కంపెనీలకు ఆదేశం. 2025 ఫిబ్రవరిలో మళ్లీ సవరణ: ఫిర్యాదుకి గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెంచారు, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చర్య తీసుకోవాలన్నారు, ఫిర్యాదుల లెక్క తప్పుగా చూపే టెలికం కంపెనీకి 2 లక్షల నుంచి 10 లక్షల వరకు జరిమానా పెట్టారు. ఈ దేశపు టెలికం కంపెనీల టర్నోవర్ ముందు 10 లక్షలు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఇన్నేళ్లలో మారని విషయం ఒకటుంది. ఏ నిబంధన చదివినా పని మొదలుపెట్టాల్సింది ఫోన్ అందుకున్నవాడే. నంబర్ రాసుకో, తేదీ రాసుకో, 1909కి చెప్పు, ఫలితం కోసం చూడు. దొంగ ఒక్క సిమ్ పడేసి ఇంకోటి వేసుకోవడానికి పట్టే సమయం, మనం ఫిర్యాదు నింపడానికి పట్టే సమయం కంటే తక్కువ.

నంబర్ సిరీస్‌ల ఆలోచన మాత్రం మంచిదే, దాన్ని కొట్టిపారేయను. ప్రచారానికి చేసే కాల్స్ 140తో మొదలవ్వాలి, బ్యాంకులూ ప్రభుత్వ సంస్థలూ ఖాతాదారులకు చేసే సర్వీసు కాల్స్ 1600తో మొదలవ్వాలి. చూడగానే ఎవరో తెలిసిపోతుంది. మరి ఆసుపత్రి? పరీక్షా కేంద్రం? కాలేజీ ఆఫీసు? నిజాయితీగా పనిచేసే సంస్థలే మామూలు పది అంకెల మొబైల్ నుంచి, ఒక్కోసారి ఉద్యోగి సొంత ఫోన్ నుంచి చేస్తున్నంతకాలం, మంచి కాల్‌కీ చెడ్డ కాల్‌కీ తేడా మనకి కనపడదు. ఎవరు చేస్తున్నారో స్క్రీన్ మీద పేరు చూపించే సీఎన్‌ఏపీ సేవ పెట్టమని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలోనే సిఫార్సు చేసింది. ఆ నాలుగు కాల్స్ మీద ఆసుపత్రి పేరు కనపడి ఉంటే నేను ఆ సెట్టింగే పెట్టేదాన్ని కాదు.

జామ్‌తాడా అనగానే మీ జవాబుల్లో ‘సైబర్ నేరాల రాజధాని’ అని రాసి ముందుకి వెళ్లిపోయారు. ఆ జిల్లాలోని కర్మాటాండ్‌లోనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చివరి రోజుల్లో ఏళ్ల తరబడి ఉండి, సంతాల్ పిల్లలకు బడి పెట్టి, హోమియో మందులిచ్చారు. అక్కడి రైల్వే స్టేషన్ పేరు కూడా విద్యాసాగరే. ఈ మాట సెంటిమెంటు కోసం చెప్పడం లేదు. ఒక జిల్లా పేరుని నేరానికి మారుపేరుగా వాడేస్తే, ఆ నేరానికి సరుకు ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్న అడగం. పదో తరగతి దాటని కుర్రాడి చేతికి మీ పేరు, మీ బ్యాంకు పేరు, మీ కార్డు వివరాలు ఎవరిచ్చారు? వేరేవాళ్ల ఆధార్ మీద తీసిన సిమ్ ఎవరమ్మారు? డబ్బు వెళ్లి పడే అద్దె ఖాతా ఏ బ్రాంచిలో తెరిచారు? ఈ మూడింటిలో ఏదీ జామ్‌తాడా పొలాల్లో పండలేదు. మా రాష్ట్ర సీఐడీ 2023లో ‘ప్రతిబింబ్’ అని ఒక వ్యవస్థ తయారు చేసింది. మోసాలకు వాడుతున్న నంబర్లు ఎక్కడ ఉన్నాయో మ్యాపు మీద చూపిస్తుంది. తర్వాత కేంద్రంలోని ఐ4సీ దాన్నే దేశమంతటా వాడుకుంది. అంటే పట్టుకోవాలనుకుంటే నంబర్ కనపడుతుంది. ఈ ఉదాహరణ ఒక్క జవాబులోనూ లేదు.

ఇంకొకటి, ఇది ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన అందరికీ సంబంధించింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా పంపించి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించారు. మా తాతయ్య పని వెతుక్కుంటూ బయల్దేరింది కూడా ఆ వైపు నుంచే. నాన్నకి ఫోన్ చేసే ‘కస్టమ్స్ ఆఫీసరు’ గొంతు వెనకాల ఎవరున్నారో అప్పట్నించీ నాకు ఒక్కోసారి ఆలోచన వస్తుంది. ఫోన్‌కి రెండు వైపులా నిరుద్యోగం, భయం ఉన్న చోట అవగాహన ఎవరికి కల్పిస్తాం?

‘అత్యాశ వల్లే మోసపోతున్నారు’ అని ఒకరు రాశారు. లాటరీ ఫోన్ల కాలంలో ఆ మాట కొంత చెల్లేది. డిజిటల్ అరెస్టులో ఆశ ఎక్కడుంది? అది పూర్తిగా భయం మీద నడుస్తుంది. అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు ఏకంగా సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపించారు. 2025 అక్టోబరులో కోర్టు ఆ విషయాన్ని సుమోటోగా తీసుకుని, డిసెంబరు 1న ఈ తరహా కేసుల్ని సీబీఐకి అప్పగించింది. జీవితమంతా చట్టానికి భయపడి బతికిన పెద్దవాళ్లే దొరికిపోతున్నారు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం చట్టంలో లేదు. పోలీసులు ఇచ్చే హాజరు నోటీసుని వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పాల్సి వచ్చింది. ఎందుకు చెప్పాల్సి వచ్చింది? అసలు పోలీసులే అలా పంపుతున్నారు కాబట్టి. అసలుది నకిలీలా ప్రవర్తిస్తుంటే నకిలీని గుర్తుపట్టలేదని పౌరుణ్ని తప్పుపడతామా?

ఇప్పుడు డబ్బు సంగతి. పార్లమెంటుకి హోంశాఖ చెప్పిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో పోయింది 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. అవగాహన ప్రచారం ఊపందుకున్న ఏడాది కూడా అదే. అక్టోబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో డిజిటల్ అరెస్టు గురించి మాట్లాడారు. కొన్నాళ్లు ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ హెచ్చరిక ట్యూన్ వినాల్సి వచ్చింది.

పోయిన డబ్బు భారం ఎవరిది? 2017 జులైలో వచ్చిన ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే మూడు పనిదినాల్లో చెప్పినవాడికి నష్టం లేదు. కానీ ఓటీపీ మన నోటితోనే చెప్పామంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినదంతా మనదే. మోసగాడు భయపెట్టి చెప్పించినా అంతే. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తన చేత్తో తానే డబ్బు పంపినవాడికి కూడా 85,000 పౌండ్ల వరకు తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. సింగపూర్ అదే ఏడాది డిసెంబరులో టెలికం కంపెనీల్ని కూడా ఆ బాధ్యతలోకి లాగింది. మీ జవాబులో వే ఫార్వర్డ్ అంటే ఇది. తన జేబులోంచి పోతుందంటే ఏ బ్యాంకైనా అద్దె ఖాతాల్ని వారంలో పట్టుకుంటుంది.

రాజ్యాంగ కోణం కావాలా? 2017 పుట్టస్వామి తీర్పు ఉంది, ఆర్టికల్ 21 ఉంది. 2023 డేటా రక్షణ చట్టం ఉంది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చినా అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈలోగా మీరు ‘ఫ్రీ మాక్ టెస్ట్’ అని కనపడిన ప్రతిచోటా నంబర్ ఇస్తున్నారు. ఫారం కింద ముందే టిక్ పెట్టి ఉన్న ఆ చిన్న గడిని ఎప్పుడైనా చూశారా? నేను ఒక కోచింగ్ వాళ్ల డెమో క్లాసుకి పేరిచ్చాను. మూడో రోజు నుంచి నేను వినని నాలుగు అకాడమీల నుంచి ఫోన్లు. పాలిటీ చదివేవాళ్ల సమ్మతినే ఇలా అమ్ముకుంటుంటే మా నాన్న సంగతి చెప్పేదేముంది.

మరి ఫోన్ వస్తే ఏం చేయాలి అని కామెంట్లలో అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎత్తండి, వినండి. డబ్బు, ఓటీపీ, కేసు, ఏదైనా యాప్ వేసుకోమనడం – ఈ మాటల్లో ఒకటి వినపడితే పెట్టేసి, పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న నంబర్‌కి మీరే చేయండి. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ నిమిషమే 1930కి చెప్పండి, ఖాతాలు మారేలోపే ఆపగలిగితే దొరుకుతుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోండి. ‘నీ ఖాతా వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం’ అని ఎవరైనా అంటే, అది అద్దె కాదు, మీ మీద ఎఫ్‌ఐఆర్. ఇవన్నీ చేయండి. చేస్తూనే, జవాబులో మాత్రం దీన్ని పరిష్కారమని రాయకండి.

నాన్న ఫోన్‌లో ఆ సెట్టింగ్ తీసేశాను. ఇప్పుడు అన్ని కాల్స్ ఎత్తుతున్నారు. మొన్న పర్సనల్ లోన్ కావాలా అని ఒకమ్మాయి చేస్తే, వద్దమ్మా అని చెప్పాక కూడా పెట్టలేదు. ఏ ఊరు, ఏం చదువుకున్నావు, జీతం సరిగ్గా ఇస్తున్నారా అని పది నిమిషాలు అడిగారు. చాయిబాసా అట, బీఏ అయిందట, జేపీఎస్సీకి ప్రిపేర్ అవుతోందట.