పటం చదవడం నేర్చుకుందాం

భూమి ఉండడం ఒక సంగతి, అది ఎక్కడ ఉన్నదో, ఎంతవరకు ఉన్నదో చూపగలగడం మరొక సంగతి. మన ఊళ్లలో ఖబరస్తాన్‌కు హద్దులు చెప్పమంటే పెద్దలు నాలుగు మాటలు చెప్పేవారు: తూర్పున చింతచెట్టు, పడమర పంటకాలువ, ఉత్తరాన ఫలానావారి మాగాణి, దక్షిణాన బండ్లబాట. తరతరాలుగా ఆ నాలుగు మాటలే మనకు పటం. కాలక్రమాన చింతచెట్టు కూలిపోయింది, కాలువ పూడిపోయింది, మాగాణి ఇళ్ల స్థలాలైంది, బండ్లబాట తారురోడ్డుగా మారి లోపలికి జరిగింది. హద్దులు తెలిసిన పెద్దలు ఆ ఖబరస్తాన్‌లోనే శాశ్వత నిద్రలో ఉన్నారు. వారి తరువాతి తరం చేతిలో మిగిలింది ఒక పాత కాగితం, ఒక నమ్మకం మాత్రమే.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఎవరినడిగినా ఒక విషయం చెబుతారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నకలు పటం జతచేసిన అర్జీ ఒక బల్ల నుంచి మరో బల్లకు కదులుతుంది. "మా తాతల కాలం నుంచి ఇది మాదే" అని మాత్రమే రాసిన అర్జీ దస్త్రంలో నిద్రపోతుంది. ఇందులో న్యాయాన్యాయాల ప్రసక్తి కన్నా, కార్యాలయానికి అర్థమయ్యే భాషలో మనం మాట్లాడామా లేదా అన్నదే ముఖ్యం. ఇప్పుడు ఆ భాష కూడా మారిపోయింది. కాగితం పటం స్థానంలో డిజిటల్ పటం వచ్చింది.

గడచిన కొన్నేళ్లలో జరిగినవి వరుసగా చూడండి. గ్రామాలలోని ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల సమగ్ర రీసర్వే మొదలైంది. పట్టణాల భూములను కొలిచే నక్షా కార్యక్రమం 2025 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ వచ్చింది. దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల గడువులో అందులో నమోదు చేయాలన్నారు. ఆ చట్ట సవరణ మంచిచెడ్డల గురించి ఈ పత్రిక వేరుగా చర్చిస్తూనే ఉంటుంది. ఇక్కడ చెప్పదలచినది వేరు. ఈ పనులన్నిటిలోనూ భూమిని తెర మీద ఒక గీతగా, ఒక అక్షాంశ రేఖాంశంగా మారుస్తున్నారు. ఆ గీత సరిగ్గా పడిందో లేదో చూసి, తప్పుంటే గడువులోగా అభ్యంతరం చెప్పే బాధ్యత మనదే. గీతను చదవలేని కమిటీ అభ్యంతరం ఎలా చెబుతుంది? ముతవల్లీ ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడి చేతిలో కాగితాలు పెట్టి, అతడు ఎక్కడ నొక్కితే అక్కడే తన ఖబరస్తాన్ ఉన్నదని నమ్మవలసిన స్థితి అమానత్‌కు తగినది కాదు.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. సిసిలీ రాజు రోజర్ కొలువులో అల్ ఇద్రీసీ 1154లో పూర్తి చేసిన ప్రపంచ పటం ఆ తరువాత శతాబ్దాల పాటు పండితులకు ఆధారమైంది. అంత దూరం పోనక్కరలేదు. 1802లో మద్రాసు వద్ద మొదలై భారతదేశమంతటా సాగిన మహా త్రికోణమితి సర్వేలో, పాడైన కొలత పరికరాలను బాగుచేసి సరిదిద్దిన నిపుణుడు ఆర్కాటు వాస్తవ్యుడైన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. దొరల పేర్లు శిఖరాలకు పెట్టారు, ఈయన పేరు మన పిల్లల పాఠాలలో కనిపించదు.

నేడు నేర్చుకున్నవారు ఏమి సాధించారన్నదానికి ఒక ఉదాహరణ. కెన్యా రాజధాని నైరోబీలో కిబెరా అనే పెద్ద పేదలవాడ ఉంది. లక్షలాది మంది నివసించే ఆ వాడ 2009 వరకు ఆన్‌లైన్ పటాలలో ఖాళీ జాగాగానే ఉండేది. ఆ ఏడాది కొందరు స్థానిక యువతీయువకులు చిన్న జీపీఎస్ పరికరాలు పట్టుకొని సందుసందూ తిరిగి నీటి కుళాయిలు, మరుగుదొడ్లు, బడులు, వైద్యశాలలు, మస్జిద్‌లు, చర్చిలు గుర్తించి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ పటంలో చేర్చారు. ఆ వాడకు మూలవాసులైన నూబియన్ ముస్లింలు బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన సూడాన్ సిపాయిల సంతతివారు. వందేళ్లు నివసించినా వారి చేతిలో పట్టా లేదు. దశాబ్దాల పోరాటం తరువాత 2017లో వారికి 288 ఎకరాలకు సామూహిక పట్టా లభించింది. ఆ పట్టాను పటమే తెచ్చిందని చెప్పడం లేదు, అది పోరాట ఫలితం. కానీ ఖాళీ జాగా అని చూపే పటం మీద ఎవరైనా ఏదైనా కట్టవచ్చు. మనుషులున్నారని చూపే పటం ముందు ఆ మాట చెప్పడం కష్టం.

ఈ నైపుణ్యం నేర్చుకోవడానికి ఇంజనీరింగ్ చదువు అవసరం లేదు. ఒక ఆదివారం మూడు గంటల శిక్షణతో తొలి మెట్టు ఎక్కవచ్చు. మొదటి గంటలో మహల్లా పటాన్ని కాగితం మీద అచ్చుతీసి, పెన్సిలు పట్టుకొని వీధిలో నడుస్తూ లేనివి గుర్తించడం. రెండవ గంటలో వాటిని కంప్యూటరులోనో ఫోనులోనో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చడం. అందులో ఒక చోటు పేరును తెలుగులోనూ ఉర్దూలోనూ కూడా రాయవచ్చు. మూడవ గంటలో ఒకరు చేసినది మరొకరు సరిచూడడం. ఈ మూడవ పనే అన్నిటికన్నా ముఖ్యం. తప్పు గుర్తు పెట్టిన పటం, పటం లేకపోవడం కన్నా ప్రమాదకరం.

రెండవ మెట్టు పాత పత్రాలది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత ఎఫ్.ఎం.బి. నకలును స్కాన్ చేసి పెట్టి, నేటికీ చెక్కుచెదరని నాలుగైదు చోట్లను - సర్వే రాయి, బావి, మూడు గ్రామాల సరిహద్దులు కలిసే చోటు - ఉపగ్రహ చిత్రంలోని అవే చోట్లతో జతపరిస్తే, పాత హద్దు నేటి నేల మీద ఎక్కడ పడుతున్నదో కనిపిస్తుంది. పాత పటాలలో కొలతలు తరచుగా లింకులలో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఎకరానికి ఆంధ్ర ప్రాంతంలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ఈ లెక్క తెలిసిన పెద్దవారు, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఒకే బల్ల ముందు కూర్చుంటేనే పని సాగుతుంది. కంప్యూటరులో గూగుల్ ఎర్త్ తెరిస్తే పోయిన ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడవచ్చు. ఏ సంవత్సరంలో ప్రహరీ లోపలికి జరిగిందో, ఏ సంవత్సరంలో షెడ్డు లేచిందో అవి చెబుతాయి.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఫోనులోని జీపీఎస్ బయలులో కూడా సుమారు 5 మీటర్ల తేడా చూపవచ్చు. మనం గీసిన పటం అధికారిక సర్వేకు ప్రత్యామ్నాయం కాదు, న్యాయస్థానంలో హద్దును తేల్చదు. సర్వే కోరుతూ పెట్టే అర్జీకి బలం చేకూర్చడమే దాని పని. ఎక్కడ చూడాలో అధికారికి చూపించడం, తప్పు జరిగితే మనకు సకాలంలో తెలియడం, ఈ రెండింటికే అది ఉపయోగపడుతుంది. అది తక్కువ ఉపయోగమేమీ కాదు.

ఈ శిక్షణకు తగిన చోటు ఏది అంటే, గ్రంథాలయం అని మా అభిప్రాయం. హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కోస్తాలో కాలువల మీద పడవలలో పుస్తకాలు తీసుకువెళ్లి చదివించిన ఉద్యమం మన తెలుగు నేలది. ఆ ఉద్యమ ఫలితమైన గ్రంథాలయాల కోసం మనమందరం ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. పన్ను కట్టి లోపలికి వెళ్లకపోవడం మన తప్పు. గ్రంథాలయంలో హాలు ఉంటుంది, బల్లలు ఉంటాయి, కొన్నిచోట్ల కంప్యూటర్లు ఉంటాయి. పైగా అది అందరిదీ. మస్జిద్‌కు రావడానికి సంకోచించే హిందూ, క్రైస్తవ సోదరులు అక్కడికి వస్తారు. వారి శ్మశానాలకు, దేవాలయ మాన్యాలకు, దళితవాడలకు ఉన్న కష్టాలు మన కష్టాల వంటివే. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో వ్యాసరచన, వక్తృత్వ పోటీలతో పాటు పటాల కార్యశాల ఒకటి పెట్టమని కోరితే కాదనే గ్రంథపాలకుడు అరుదు. ప్రపంచవ్యాప్తంగా జరుపుకునే జీఐఎస్ దినోత్సవం కూడా నవంబరు మూడవ బుధవారమే. నేర్పేవారి కోసం దూరం వెతకనక్కరలేదు. ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాదులోనే ఉంది, భువన్ పోర్టల్ దానిదే. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఇంటి నుంచే నేర్చుకునే ఉచిత పాఠాలు నడుపుతున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆడపిల్లలను ఈ శిక్షణకు పంపండి. ఏ సందులో వీధిదీపం లేదో, ఏ మలుపులో కుళాయి నీరు రాదో, బడికి వెళ్లే ఏ దారి భయం పుట్టిస్తుందో వారికే బాగా తెలుసు. వారు గీసిన పటంలోనే మహల్లా నిజ స్వరూపం కనిపిస్తుంది. బతుకుతెరువు కూడా ఉంది. ఆపిల్ సంస్థ 2016లో పటాల అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో ప్రారంభించింది. సర్వే శాఖలకు, పురపాలక సంఘాలకు, ప్రైవేటు సంస్థలకు ఈ నైపుణ్యం ఉన్నవారి అవసరం పెరుగుతున్నది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు ముందస్తు అనుమతి లేకుండా పటాలు తయారు చేయవచ్చు. రక్షణ సంబంధమైన సున్నిత వివరాలకు మాత్రం నిషేధం ఉంది, దానిని పాటించాలి. అంతకన్నా ముఖ్యంగా, బహిరంగ పటంలో మస్జిద్, ఖబరస్తాన్, బడి, బావి, ఆసుపత్రి ఉండాలి. ఏ ఇంట్లో ఎవరున్నారు, వారిది ఏ మతం అన్నది ఒక్క చుక్కలో కూడా ఉండరాదు. అటువంటి జాబితాలు అశాంతి రోజులలో ఎవరి చేతికి చిక్కుతాయో చెప్పలేము. పత్రాల స్కాన్ ప్రతులు కమిటీ వద్ద భద్రంగా ఉండాలి, వాట్సాప్ గుంపులలో తిరగరాదు.

కాబట్టి ప్రతి మహల్లా కమిటీకి మా విన్నపం ఇది. మీ పట్టణంలోని గ్రంథాలయానికి ఒక ఉత్తరం రాయండి. నెలకొక ఆదివారం హాలు అడగండి. ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను, రికార్డులు చదవగల ఒక పెద్దను ఎంపిక చేయండి. ముందుగా ఒక్క ఖబరస్తాన్‌తో మొదలుపెట్టండి. దాని సర్వే నంబరు, గెజిట్ ప్రకటన నకలు, ఎఫ్.ఎం.బి. లేదా టిప్పన్ నకలు సంపాదించండి, హద్దుల వెంట నడవండి, పటం గీయండి, సరిచూడండి, తేడా ఉంటే సర్వేకు అర్జీ పెట్టండి. అది పూర్తయ్యాక ఈద్గాహ్, ఆ తరువాత మదరసా, ఆ తరువాత పక్కవాడలోని శ్మశానం. హద్దులు ఎరిగిన పెద్దలు ప్రతి ఊరిలో ఇంకా ఒకరిద్దరు మిగిలే ఉన్నారు. వారు నడవగలిగి ఉన్నప్పుడే వారి వెంట నడవాలి.