అనుమతి ఊరికి దగ్గరగా ఉండాలి

వరి పాలు పోసుకునే వేళ అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, నెలల కష్టం నేలపాలవుతుంది. బస్తర్‌లోని నగర్‌నార్ రైతు అప్పుడు ఎవరిని అడగాలి?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 11 దీనికి దారి చూపింది. 2022 సవరణతో అడవి పంది రెండో షెడ్యూల్‌లో చేరింది. అది మనుషులకు లేదా పంటకు ప్రమాదకరమని తేలితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి వేటకు అనుమతించవచ్చు. వార్డెన్ ఉండే రాయ్‌పూర్ నగర్‌నార్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. అందుకే ఆ ‘అధికారమిచ్చిన అధికారి’ అన్న మాట కీలకం. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది.

అలాగని తుపాకీయే మొదటి మందు కాకూడదు. స్కాట్లాండ్‌లో బీవర్లు వాగులకు కొమ్మలు, మట్టితో అడ్డుకట్టలు వేయడంతో పొలాలు మునుగుతుంటాయి. 2019 మే 1 నుంచి అక్కడ బీవర్ రక్షిత జంతువు. రెండు వారాలు దాటని అడ్డుకట్టను లైసెన్సు లేకుండానే తీసేయవచ్చు. బీవర్‌ను చంపాలంటే మాత్రం లైసెన్సు తప్పనిసరి. హాని తక్కువ పనికి అడ్డంకి తక్కువ, ప్రాణం తీసే పనికి తనిఖీ ఎక్కువ.

బస్తర్‌కూ ఈ వరసే మేలు. ముందు కంచె, కాపలా; అవి చాలనప్పుడు కొద్ది రోజుల్లోనే స్థానిక అనుమతి; ప్రతి ఉత్తర్వుకూ లెక్క. కాగితం ఆలస్యమైతే పొలం గట్టున కరెంటు తీగ వెలుస్తుంది. ఆ తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు.