మెమరీ కార్డులో ఉన్నవి ఎవరి ఆటలు?



దసరా సెలవుల తర్వాత మా ఏడో తరగతిలో ఒక కొత్త పోటీ మొదలైంది. "నా దాంట్లో పదివేల గేమ్స్ ఉన్నాయి" అని ఒకరంటే, "నా దాంట్లో పదిహేను వేలు" అని ఇంకొకరు. చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేమింగ్ మెషీన్ల గురించి ఈ మాటలు. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే వస్తున్నాయి. ఆటలన్నీ నింపేసిన మెమరీ కార్డు కూడా లోపలే ఉంటోంది.

"ఫోన్ ఇవ్వడం కంటే ఇదే నయం కదండీ" అని కొందరు పేరెంట్స్ నాతో అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆట మధ్యలో యాడ్స్ రావు, ఇంకో లెవెల్ కోసం డబ్బు అడగదు. నా అభ్యంతరం మెషీన్ మీద కాదు, కార్డు మీద. ఆ పదివేల ఆటల్లో చాలావాటికి హక్కుదారులున్నారు. మారియో, పోకెమాన్ లాంటివి కంపెనీల సొత్తు. అమ్మేవాళ్లు ఎవరినీ అడగకుండా వాటిని కాపీ చేసి కార్డులో వేస్తున్నారు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కూడా పుస్తకంలాగే రచనగా లెక్కిస్తుంది.

"అవి పాత ఆటలు, ఇప్పుడెవరికి నష్టం?" అని అడగవచ్చు. పాతవైనా హక్కులు పోలేదు, కొన్నిటిని కంపెనీలు ఇప్పటికీ అమ్ముకుంటున్నాయి. నాకు అంతకంటే పెద్ద చింత ఇంకొకటి ఉంది. నెట్‌లో దొరికిన వ్యాసాన్ని ప్రాజెక్టులో దింపేస్తే స్కూల్లో మేం మార్కులు తగ్గిస్తాం. అదే పిల్లవాడికి ఇంట్లో పదివేల కాపీలు బర్త్‌డే గిఫ్టుగా వస్తే ఏం అర్థం చేసుకుంటాడు? కాపీ కొట్టడం తప్పు కాదు, దొరికిపోవడమే తప్పు అని.

మెషీన్ తీసేసుకోనక్కర్లేదు. కార్డు మార్చండి చాలు. ఈ మెషీన్లలో ఆడటానికి నిజాయితీగా దొరికే ఆటలు చాలా ఉన్నాయి. వాటిని హోమ్‌బ్రూ గేమ్స్ అంటారు. అంటే కంపెనీలు కాకుండా, ఇష్టంతో మామూలు మనుషులు ఇంట్లో కూర్చుని తయారు చేసినవి. చాలావాటిని తయారు చేసినవారే ఉచితంగా పంచుతారు.

ఇది కొత్త విషయమేమీ కాదు. సోనీ కంపెనీ పీఎస్‌పీ 2004లో జపాన్‌లో విడుదలైంది. కొన్ని నెలల్లోనే ఔత్సాహికులు సొంత ప్రోగ్రామ్‌లు రాసి, మెమరీ స్టిక్‌లో 'గేమ్' అనే ఫోల్డర్‌లో పెట్టి నడిపించారు. సోనీ అప్‌డేట్లతో ఆ దారులు మూస్తూ పోయింది, వాళ్లు కొత్త దారులు వెతుకుతూ పోయారు. 2014లో సోనీ పీఎస్‌పీని ఆపేసినా, దానికోసం ఆటలు రాసేవాళ్లు ఆగలేదు.

రెండు ఉదాహరణలు చెబుతాను. జపాన్‌కు చెందిన దైసుకె అమయా దాదాపు ఐదేళ్లపాటు ఖాళీ సమయాల్లో ఒక్కరే కూర్చుని కంప్యూటర్ కోసం 'కేవ్ స్టోరీ' అనే ఆట తయారు చేశారు. కథ, బొమ్మలు, సంగీతం అన్నీ ఆయనవే. 2004లో ఉచితంగా ఇచ్చేశారు. అభిమానులు దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించారు, చేతి మెషీన్లలో నడిచేలా మార్చారు. రెండోది 'టోబు టోబు గర్ల్'. 1989 నాటి గేమ్ బాయ్ కోసం 2017లో కొత్తగా తయారైన చిన్న ఆట. దీని కోడ్ మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు, మార్చి చూసుకోవచ్చు.

హోమ్‌బ్రూ ఆటలన్నీ మారియో అంత నున్నగా ఉండవు. కొన్ని మొరటుగా ఉంటాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. కానీ ఆ మొరటుతనం వల్లే పిల్లలకు "ఇలాంటిది నేనూ చేయగలను" అనిపిస్తుంది. అలా అనిపించిన పిల్లల కోసం జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కోడింగ్ రాకపోయినా ఇంట్లో లాప్‌టాప్‌లో గేమ్ బాయ్ ఆట తయారు చేయవచ్చు. గేమ్ బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగే ఛాయలు. ఆ కొంచెం చోటులో కథ చెప్పాలంటే ప్రతి వాక్యం పొదుపుగా రాయాలి. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌గా నాకు ఇంతకంటే మంచి కాంపోజిషన్ ఎక్సర్‌సైజ్ కనిపించలేదు. తయారైన ఫైల్‌ను కార్డులో వేసుకుంటే తన ఆట తన చేతిలోనే ఆడుతుంది.

"దీనివల్ల ర్యాంకు వస్తుందా?" అంటే, రాదు. సెలవుల్లో ఆడే ఆటకు ఆ బరువు పెట్టకండి. కానీ ఒక వస్తువు వెనుక మనిషి ఉంటాడని, ఆ మనిషి పేరు చెప్పాలని, అడిగి తీసుకోవాలని తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. ఆటలు తయారు చేసినవారి సొంత పేజీ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి, పిల్లల పక్కన మీరూ కూర్చోండి. పీఎస్‌పీ లాంటి పాత మెషీన్లలో లోపలి సాఫ్ట్‌వేర్ మార్చడం పిల్లలకు వదిలేయకండి, తేడా వస్తే మెషీన్ పనికిరాకుండా పోవచ్చు. కార్డును మంచి షాపులో కొనండి, రాసి ఉన్నంత సైజు లేని నకిలీ కార్డులు మార్కెట్లో ఉన్నాయి. ఎంతసేపు ఆడాలో ముందే చెప్పండి.

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. పదివేల ఆటల కార్డు తీసి పక్కన పెట్టి, ఒక ఖాళీ కార్డు ఇవ్వండి. అందులో ఐదు ఆటలు చాలు. ఒక్కో ఆటా ఎవరు తయారు చేశారో, ఎందుకు ఉచితంగా ఇచ్చారో పిల్లల చేతే నోట్‌బుక్‌లో ఒక పేరా రాయించండి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా స్కూలుకు పంపండి. నేను చదువుతాను.