ఎరువు కన్ను

ఎరువు సొమ్ము బరువు చేటంటారు పెద్దలు. ఆ బరువు సంగతి నాకీమధ్య మెడ నొప్పి రూపంలో తెలిసొచ్చింది. మా సీనియర్ అన్నయ్య ఒకాయన తన 70-300 జూమ్ లెన్సు రెండు రోజులకని ఎరువిచ్చాడు. "జాగ్రత్త తమ్ముడూ, దాని ధర పెట్టి పాత స్కూటర్ కొనొచ్చు" అని మరీ ఇచ్చాడు. దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి ఆటో ఎక్కి ఉప్పలపాడు చెరువుకి వెళ్ళాను.

ఉప్పలపాడు చూడని మిత్రులకు ఒక్క మాట. అది మహారణ్యమేమీ కాదు. ఇళ్ళ పక్కనే చెరువు, అందులో తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఊరివాళ్ళు వాటి జోలికి పోరు కనుకే అవి ఇక్కడికొచ్చి పిల్లల్ని పెంచుకుంటున్నాయి.

మొదటి గంట నా తెలివితక్కువతనానికే సరిపోయింది. లెన్సుని 300కి లాగి, సెకనులో అరవయ్యో వంతు దగ్గర మీట నొక్కితే కొంగ బదులు దూదిపింజె పడింది. ఎంత పొడుగు లెన్సయితే షట్టర్ అంత చురుగ్గా ఉండాలి. నా కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి 300 కాస్తా 450తో సమానం. అయిదువందలో వంతుకి తగ్గితే లాభం లేదు. వణుకు తగ్గించే ఏర్పాటు లెన్సులో ఉంది నిజమే. కానీ అది ఆపేది నా చేతి వణుకుని, పక్షి రెక్కని కాదు కదా! పదకొండు దాటాక నీళ్ళమీద గాలి వేడెక్కి అలలాడుతుంటే ఎంత మంచి లెన్సయినా బొమ్మ చెదిరిపోతుంది.

అయినా ఒక గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి మెడదాకా దూర్చి చేపకోసం వెతుకుతుంటే, ఆ తడి ముక్కుమీది మచ్చలు లెక్కపెట్టగలిగాను. తల్లికి నేనున్నానన్న స్పృహే లేదు. ఉండకూడదు కూడా. మనిషి దగ్గరికెళితే తల్లి ఎగిరిపోతుంది, కూనలు ఎండలో మాడతాయి. పక్షుల విషయంలో ఆ దూరం మర్యాద. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ తర్వాత వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు దారి పక్కన మిరప కల్లం. ఎర్రటి కాయల మధ్య కూర్చుని ఒక పెద్దావిడ తాలుకాయలు ఏరుతోంది. పాతిక గజాల దూరం. లెన్సు తిప్పాను. మనిషి ఫ్రేము నిండా వచ్చేసింది: నుదుటిమీద చెమట, ఘాటుకి చెమర్చిన కళ్ళు. టకటకా పది తీశాను. పదకొండోదానికి ఆమె నేరుగా నావైపు చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏందబ్బాయ్, మేం కూడా పిట్టలమనుకున్నావా?"

దగ్గరికెళ్ళి, "తప్పయింది పిన్నీ" అన్నాను.

"అక్కడ నుంచుని తీస్తే నాకేం తెలుస్తది? వచ్చి అడిగితే కాదంటానా!" అని మొహం తుడుచుకుని, జుట్టు సవరించుకుని నిటారుగా కూర్చుంది. 70 దగ్గర పెట్టినా నేను మూడు గజాలు వెనక్కి జరగాల్సి వచ్చింది. బొమ్మ పాస్‌పోర్టు ఫోటోలా బిగుసుకుపోయిందని ఒప్పుకుంటాను. కళా దృష్టితో చూస్తే దొంగచాటుగా తీసినవే మేలు. ఆ పదీ ఆమెకి చూపించి, ఆమె ముందే చెరిపేశాను.

అడిగితే సహజత్వం పోతుందని మన ఫోటో మిత్రులు వాదిస్తారు. కార్టియర్ బ్రెసాన్ అడిగి తీశాడా అంటారు. అడగలేదు, నిజమే. కానీ ఆయన ఎక్కువగా వాడింది 50 మిల్లీమీటర్ల లెన్సు. దానితో మనిషి బొమ్మ కావాలంటే ఆ మనిషి పక్కకే వెళ్ళాలి. వాళ్ళు కసురుకోవచ్చు, లేచిపోవచ్చు, నవ్వొచ్చు. అడగడం కన్నా నాకు ముఖ్యమనిపించేది ఇదే: నేను చూస్తున్నానని అవతలివాళ్ళకి కనిపించాలి. 300 దగ్గర ఆ అవకాశం వాళ్ళకి లేదు. చూపంతా నాదే, మాటంతా నాదే.

ఇదంతా మన కాలేజీ పత్రికలో ఎందుకంటారా? పోయిన వార్షికోత్సవం ఫోటో ప్రదర్శన గుర్తుచేసుకోండి. లైబ్రరీ మెట్లమీద స్నేహితురాళ్ళతో నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మకి బహుమతి వచ్చింది. ఎదురు మేడమీంచి తీసింది. సాయంత్రానికి అది అందరి ఫోన్లలోకీ పాకింది, దానికింద నానా రాతలూ! ఆ అమ్మాయి రెండు రోజులు క్లాసుకి రాలేదు. హాలులో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కాబట్టి యూనియన్ మిత్రులకు నా విన్నపం. ఈసారి ప్రదర్శనకి వచ్చే బొమ్మల్లో మనిషి మొహం కనిపిస్తే, గోడకెక్కించే ముందు ఆ మనిషికి చూపించి సరేననిపించుకోవాలి. వద్దంటే ఎంత గొప్ప బొమ్మయినా పక్కన పెట్టాలి. బహుమతులు తగ్గుతాయేమో, తగ్గనివ్వండి. కొంగలూ గూడబాతులూ ఎలాగూ అభ్యంతరం చెప్పవు!

లెన్సు గీత పడకుండా అన్నయ్యకి తిరిగిచ్చేశాను. పిన్ని బొమ్మ మాత్రం కాస్త పెద్ద సైజులో ప్రింటు వేయించి ఉంచాను. కల్లాలు ఎత్తేసేలోగా వెళ్ళి ఇచ్చిరావాలి.