జన్యు సవరణ వరి: విత్తనంపై హక్కు ఎవరిది?

జన్యు సవరణ విధానంలో రూపొందించిన రెండు వరి వంగడాలను కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 మే 4న న్యూఢిల్లీలో ప్రకటించారు. ఈ రెండింటి మూలాలు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన సాంబ మసూరి నుంచి ‘డీఆర్ఆర్ ధాన్ 100’ వచ్చింది. దీనికి ‘కమల’ అని పేరు పెట్టారు. మారుటేరు కేంద్రం ఇచ్చిన కాటన్‌దొర సన్నాలు నుంచి ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ రూపొందింది.

హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ కమలను అభివృద్ధి చేసింది. వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విచ్ఛిన్నం చేసే జన్యువును క్రిస్పర్ పరిజ్ఞానంతో సవరించారు. ఆ హార్మోన్ నిలిచి ఉండటంతో కంకికి గింజల సంఖ్య పెరుగుతుంది. సాంబ మసూరి కన్నా దిగుబడి 19 శాతం అధికమని, పంట దాదాపు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి వెల్లడించింది. పంటకాలం తగ్గితే సాగునీరూ ఆదా అవుతుంది. రెండో వంగడం చౌడు నేలలను తట్టుకునేందుకు ఉద్దేశించినది.

బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువును చొప్పించారు. ఈ వరి వంగడాలలో అన్యజీవి జన్యువు మిగలదు. ఇటువంటి మొక్కలకు 1989 నాటి నిబంధనలలో కొన్నింటి నుంచి కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న మినహాయింపునిచ్చింది. అయితే సవరణ అనుకున్న చోట కాక మరొక చోట జరిగే అవకాశాన్ని విమర్శకులు ప్రస్తావిస్తున్నారు. క్షేత్ర పరీక్షల వివరాలను బహిరంగపరచాలని వారు కోరుతున్నారు. ఆహార పంట విషయంలో ఈ కోరిక సమంజసమే.

అంతకన్నా కీలకమైనది యాజమాన్యం. క్రిస్పర్‌పై ముఖ్యమైన పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. ప్రయోగశాలలో ఆ పరిజ్ఞానాన్ని వాడుకోవడం వేరు, దానితో తయారైన విత్తనాన్ని విక్రయించడం వేరు. సాంబ మసూరి సంకరజాతి కాదు. రైతు తన పంట నుంచే విత్తనం దాచుకోగలడు. కమలకూ ఆ గుణం ఉంది. విత్తనాన్ని దాచుకుని, విత్తుకుని, ఇచ్చిపుచ్చుకునే హక్కును 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం గుర్తించింది. పేటెంట్ల ఒప్పందాలు ఏ రూపం దాల్చినా ఈ హక్కుకు భంగం కలగరాదు. ప్రజాధనంతో పుట్టిన వంగడం ధర పెరిగి చిన్న రైతుకు అందకపోతే, అధిక దిగుబడి వల్ల అతనికి ఒనగూరేది స్వల్పమే. అందువల్ల విత్తనం విస్తృతంగా పంపిణీ కాకముందే లైసెన్సు షరతులను, పరీక్షా ఫలితాలను ప్రభుత్వం ప్రజల ముందు ఉంచడం అవసరం.