దొంగ దగ్గర నేర్చిన విద్య

ఫిబ్రవరి 10న బడిలో పిల్లల చేత ఆల్బెండజోల్ మాత్ర నమిలించి మనం చంపే కొంకి పురుగు ఉందే, ఆ జాతి పురుగు విడిచే ఏఐపీ-2 అనే ప్రొటీన్ ఎలుకల్లో ఉబ్బసాన్ని తగ్గించిందని 2016లో ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ఇది చెప్పగానే మా పెదనాన్న, ‘చూశావా, మట్టిలో పెరిగిన ఒళ్లురా మావి’ అంటూనే ఇన్‌హేలర్ కోసం జేబు తడుముకున్నాడు. నాకిందులో మట్టి మహిమ కనిపించదు, దొంగతెలివే కనిపిస్తుంది. పేగు గోడ కరుచుకుని ఏళ్ల తరబడి రక్తం తాగాలంటే ముందు ఇంటివాళ్లను, అంటే అతిగా రేగితే ఉబ్బసం తెచ్చే ఒంటి రోగనిరోధక వ్యవస్థను, నిద్రపుచ్చాలి కదా! ఎలుకల పేగుల్లో ఉండే మరో పురుగైతే ఇంకా గడుసుది. దెబ్బతిన్న కణం చచ్చిపోతూ ఐఎల్-33 అనే అణువును వదిలి కేక పెడుతుంది. ఈ పురుగు ప్రొటీన్ ఆ కేకను చచ్చిన కణం డీఎన్‌ఏకే కట్టేసి గడప దాటనివ్వదు. తాళాలు తీసే పనితనం మెచ్చుకుంటే దొంగకు గది అద్దెకివ్వాలా? ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఇచ్చి చూశారు కూడా: ఉబ్బసం రోగులకు బతికున్న కొంకి పురుగు లార్వాలు పదేసి ఎక్కిస్తే, 2010లో వెలువడిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ మేలేమీ లేదు. ఏలికపాములున్న వాళ్లలోనైతే ఉబ్బసం ఎక్కువేనని కొన్ని పరిశీలనలు. అందుకే నా లెక్కలో దొంగను రానివ్వకుండా పనితనాన్ని మాత్రమే వాడుకునే ఏఐపీ-2 ప్రొటీనూ, దొంగను తరిమే బడి మాత్రా ఒకే పక్షం. పురుగు ప్రొటీన్‌ను మన ఒళ్లు పరాయిదని పసిగట్టి తిప్పికొట్టే ప్రమాదమూ ఉంది, మందు కావడానికి ఇంకా చాలా దూరం. ఈలోగా మా ఇంటి పిల్లకి ఫిబ్రవరి మాత్ర మాత్రం తప్పించను.